మతీన్ అహ్మద్ అన్సారీ

కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ (మరణం: 1943 అక్టోబరు 29) రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు భారత సైన్యంలో పనిచేసిన అధికారి. హైదరాబాదు సంస్థానానికి చెందినవాడు. ఏడవ రాజపుత్ర రెజిమెంటు ఐదవ బెటాలియన్‌లో పనిచేస్తూ, 1941 డిసెంబరు 25న హాంగ్‌కాంగ్ పతనమైనప్పుడు జపాను సైన్యానికి యుద్ధఖైదీగా చిక్కాడు. తోటి భారతీయ ఖైదీలలో బ్రిటిషు వ్యతిరేకతను రేకెత్తించవలసిందిగా జపాను అధికారులు ఒత్తిడి చేయగా నిరాకరించాడు. దాదాపు రెండేళ్ళ నిర్బంధం, ఆకలి, చిత్రహింసల తరువాత ఇతడిని శిరశ్ఛేదం చేసి చంపారు. మరణానంతరం 1946లో బ్రిటిషు ప్రభుత్వం ఇతడికి జార్జి క్రాస్ పతకాన్ని ప్రకటించింది.

యుద్ధఖైదీగా ఉన్న సైనికుని శౌర్యాన్ని ఏ పతకంతో గుర్తించాలి, ఆ పతకం అతని నిర్బంధ జీవితం గురించి ఎంత చెబుతుంది అనే ప్రశ్నలకు అన్సారీ ఉదంతం ఒక ముఖ్యమైన ఉదాహరణ. అందువలన ఈ వ్యాసంలో అతని జీవితంతో పాటు, ఆ యుద్ధంలో ఖైదీలైన భారతీయ సైనికుల పతకాలు, జ్ఞాపికల వివరాలు కూడా ఇవ్వబడినవి.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి హైదరాబాదు, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఉన్న పెద్ద సంస్థానం. నేటి తెలంగాణ ప్రాంతంతో పాటు మరాఠీ, కన్నడ జిల్లాలు కూడా అందులో ఉండేవి. అన్సారీకి నిజాం వంశంతో బంధుత్వం ఉంది. సైనిక జీవితంలో ఈ బంధుత్వానికి ప్రాముఖ్యం లేకపోయినా, ఖైదీ అయిన తరువాత అతని కష్టాలకు మూలకారణం ఇదే అయింది.

ఇక్కడ పేర్ల విషయంలో ఒక స్పష్టత అవసరం. ఆనాటి యుద్ధంలో 'హైదరాబాదు' అనే పేరు రెండు వేర్వేరు సేనలకు ఉండేది. మొదటిది, నిజాం సొంత సైన్యానికి చెందిన ఒకటవ హైదరాబాదు పదాతి దళం. ఇది మలయా ఈశాన్య తీరంలోని కోట భారు వద్ద విమానాశ్రయ రక్షణలో ఉండగా 1941 డిసెంబరు 8న జపాను సేనలు అక్కడ దిగాయి. రెండవది, బ్రిటిషు భారత సైన్యంలోని 19వ హైదరాబాదు రెజిమెంటు. దీని నాలుగవ బెటాలియన్ 1942 జనవరి 7న స్లిమ్ నది పోరాటంలో తీవ్రంగా దెబ్బతిన్నది. పేరు హైదరాబాదుదే అయినా ఈ రెజిమెంటులో అప్పటికి ఉత్తర భారతీయులే ఎక్కువగా ఉండేవారు. 1945లో దీనిని కుమావూఁ రెజిమెంటుగా పేరు మార్చారు. అన్సారీ ఈ రెండింటిలోనూ లేడు. అతడు పనిచేసిన రాజపుత్ర రెజిమెంటు నేటికీ భారత సైన్యంలో ఉంది. దాని కేంద్రం ఉత్తర ప్రదేశ్‌లోని ఫతేగఢ్.

హాంగ్‌కాంగ్ యుద్ధం

1941 డిసెంబరు 8 ఉదయం జపాను విమానాలు హాంగ్‌కాంగ్‌లోని కై తక్ విమానాశ్రయంపై దాడి చేశాయి. అప్పుడు హాంగ్‌కాంగ్ రక్షణకు మేజర్ జనరల్ మాల్ట్‌బీ నాయకత్వంలో సుమారు 14 వేల మంది ఉన్నారు. వీరిలో బ్రిటిషు, కెనడా బెటాలియన్లు, స్థానిక స్వచ్ఛంద దళంతో పాటు రెండు భారతీయ బెటాలియన్లు ఉన్నాయి: ఏడవ రాజపుత్ర రెజిమెంటు ఐదవ బెటాలియన్, 14వ పంజాబు రెజిమెంటు రెండవ బెటాలియన్. ఇవికాక శతఘ్ని దళాలలో కూడా అనేకమంది భారతీయులు ఉండేవారు.

ప్రధాన భూభాగంలోని రక్షణ రేఖ రెండు రోజులలోనే ఛిద్రమయింది. సేనలు హాంగ్‌కాంగ్ దీవికి తరలిపోతుండగా వెనుక నిలిచి శత్రువును అడ్డుకునే పని రాజపుత్ర బెటాలియన్‌పై పడింది. డిసెంబరు 13 నాటికి వారు కూడా దీవికి చేరుకున్నారు. లొంగిపొమ్మని జపాను పంపిన సందేశాలను గవర్నరు మార్క్ యంగ్ రెండుసార్లు తిరస్కరించాడు. డిసెంబరు 18 రాత్రి జపాను సేనలు దీవి ఈశాన్య తీరంలో దిగాయి. ఆ తీరాన్ని కాపాడుతున్నది రాజపుత్ర బెటాలియనే. ఆ ఒక్క రాత్రిలో ఈ బెటాలియన్ తన బలంలో చాలా భాగాన్ని కోల్పోయింది. 18 రోజుల పోరాటం తరువాత డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, హాంగ్‌కాంగ్ లొంగిపోయింది. బ్రతికి ఉన్నవారిలో అత్యధికులు యుద్ధఖైదీలయ్యారు.

యుద్ధఖైదీల శిబిరాలు

జపాను అధికారులు ఖైదీలను జాతుల వారీగా, హోదాల వారీగా విడదీశారు. బ్రిటిషు సైనికులను ఎక్కువగా షామ్ షుయ్ పో శిబిరంలోను, అధికారులను ఆర్గైల్ స్ట్రీట్ శిబిరంలోను, భారతీయులను మా తౌ చుంగ్ శిబిరంలోను ఉంచారు. సైనికేతరులైన పాశ్చాత్యులను దీవి దక్షిణాన ఉన్న స్టాన్లీ శిబిరంలో నిర్బంధించారు. ఆ పక్కనే ఉన్న స్టాన్లీ జైలును విచారణకు, శిక్షలకు ఉపయోగించారు.

యుద్ధఖైదీల రక్షణ కోసం 1929లో జెనీవాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. జపాను దానిపై సంతకం చేసింది కాని ఆమోదించలేదు. యుద్ధం మొదలైన తరువాత, అవసరమైన మార్పులతో పాటిస్తామని మాత్రం తెలియజేసింది. ఆచరణలో తిండి, మందుల కొరత వలన, కొట్టడం వలన ఖైదీలు పెద్ద సంఖ్యలో మరణించారు.

భారతీయ ఖైదీల ముందున్న ప్రశ్న

బ్రిటిషు, కెనడా ఖైదీలకు లేని ఒక ప్రశ్న భారతీయ ఖైదీలకు ఎదురయింది. తమ దేశాన్ని పాలిస్తున్న పరాయి ప్రభుత్వానికి చేసిన ప్రమాణానికి కట్టుబడి ఉండాలా, లేక ఆ ప్రభుత్వంపై పోరాడే అవకాశాన్ని అందుకోవాలా అన్నదే ఆ ప్రశ్న.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పతనమయింది. రెండు రోజుల తరువాత అక్కడి ఫారర్ పార్కులో సుమారు 45 వేల మంది భారతీయ ఖైదీలను సమావేశపరిచి, జపాను పక్షాన కెప్టెన్ మోహన్ సింగ్‌కు అప్పగించారు. అతని నాయకత్వంలో ఏర్పడిన ఆజాద్ హింద్ ఫౌజు 1942 డిసెంబరులో జపాను వారితో విభేదాల వలన చెదిరిపోయింది. 1943 జూలైలో సుభాష్ చంద్ర బోసు దాని నాయకత్వం స్వీకరించి పునరుద్ధరించాడు. వేలాది మంది ఖైదీలు అందులో చేరారు. వేలాది మంది చేరలేదు. చేరినవారిలో దేశభక్తితో చేరినవారూ, శిబిరాల బాధ తట్టుకోలేక చేరినవారూ ఉన్నారు. చేరనివారిలో ప్రమాణాన్ని తప్పరాదని భావించినవారూ, జపాను మాటను నమ్మనివారూ ఉన్నారు. చేరనివారిలో చాలామందిని న్యూగినియా మొదలైన దీవులకు కూలిపనికి పంపారు. అక్కడినుండి తిరిగి వచ్చినవారు తక్కువ.

హాంగ్‌కాంగ్‌లో కూడా భారతీయ ఖైదీలను తమవైపు తిప్పుకోవాలని జపాను అధికారులు ప్రయత్నించారు. ఆ ప్రయత్నానికి తగిన వ్యక్తిగా వారికి కనబడినవాడు అన్సారీ. అతడు అధికారి, ముస్లిము, పైగా ఒక పెద్ద సంస్థానాధీశుని బంధువు.

నిరాకరణ

నిజాంతో అన్సారీ బంధుత్వం తెలియగానే జపాను అధికారులు, బ్రిటిషు ప్రభుత్వానికి విధేయతను వదులుకొని, శిబిరంలోని భారతీయ సైనికులలో అసంతృప్తిని వ్యాపింపజేయమని కోరారు. అన్సారీ ఒప్పుకోలేదు. 1942 మే నెలలో అతడిని స్టాన్లీ జైలుకు తరలించి, ఆకలితో మాడ్చి, హింసించారు. కొంతకాలం తరువాత శిబిరానికి తిరిగి పంపినప్పటికీ అతని వైఖరి మారలేదు. దానితో మళ్ళీ స్టాన్లీ జైలులో పెట్టారు. ఈసారి ఐదు నెలల పాటు చిత్రహింసలు సాగాయి.

రెండవసారి శిబిరానికి తిరిగి వచ్చిన అన్సారీ మౌనంగా ఉండిపోలేదు. ఖైదీలు తప్పించుకొని పోవడానికి జరిగిన ప్రయత్నాలకు ఏర్పాట్లు చేయడంలో పాలుపంచుకున్నాడు. జార్జి క్రాస్ ప్రకటనలో ప్రత్యేకంగా పేర్కొన్న అంశాలలో ఇది ఒకటి.

రహస్య సంబంధాలు, మరణశిక్ష

హాంగ్‌కాంగ్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడైన లిండ్సే రైడ్ 1942 జనవరిలో షామ్ షుయ్ పో శిబిరం నుండి తప్పించుకొని చైనాలోకి వెళ్ళాడు. అక్కడ 'బ్రిటిష్ ఆర్మీ ఎయిడ్ గ్రూప్' అనే రహస్య సంస్థను స్థాపించాడు. ఖైదీలు తప్పించుకోవడానికి సాయపడడం, మందులు, వార్తలు చేరవేయడం, సమాచారం సేకరించడం దీని పనులు. శిబిరాలలోని కొందరు అధికారులకు, బయటి చైనీయుల ద్వారా ఈ సంస్థతో ఉత్తరాలు నడిచేవి.

1943లో ఈ సంబంధాలు జపాను సైనిక పోలీసుల కంటపడ్డాయి. అరెస్టులు, హింసాత్మక విచారణలు జరిగాయి. అన్సారీకి, బ్రిటిషు, చైనీయ, భారతీయ ఖైదీలు మరి 30 మందికి పైగా మరణశిక్ష విధించారు. 1943 అక్టోబరు 29న స్టాన్లీలో వీరిని శిరశ్ఛేదం చేశారు. ఆనాడు మరణించినవారిలో హాంగ్‌కాంగ్ ప్రభుత్వ న్యాయాధికారి జాన్ ఫ్రేజర్ కూడా ఉన్నాడు. ఇదే రహస్య సంబంధాల విషయంలో కర్నల్ న్యూన్‌హామ్, కెప్టెన్ డగ్లస్ ఫోర్డ్, ఫ్లైట్ లెఫ్టినెంట్ హెక్టర్ గ్రే అనే ముగ్గురు అధికారులను 1943 డిసెంబరు 18న కాల్చి చంపారు. ఫ్రేజర్‌కు, ఈ ముగ్గురికి కూడా 1946లో మరణానంతరం జార్జి క్రాస్ ప్రకటించారు. హాంగ్‌కాంగ్ ఖైదీలలో ఈ పతకం పొందిన ఈ ఐదుగురిలో భారతీయుడు అన్సారీ ఒక్కడే.

జార్జి క్రాస్

జార్జి క్రాస్‌ను 1940 సెప్టెంబరు 24న ఆరవ జార్జి చక్రవర్తి ఏర్పాటు చేశాడు. గౌరవంలో ఇది విక్టోరియా క్రాస్‌తో సమానం. అయితే విక్టోరియా క్రాస్ యుద్ధరంగంలో శత్రువుకు ఎదురునిలిచి చూపిన శౌర్యానికి ఇచ్చేది. ఆ నిర్వచనంలోకి రాని సాహసానికి జార్జి క్రాస్ ఇస్తారు. సైనికులతో పాటు సామాన్య పౌరులు కూడా దీనికి అర్హులు.

యుద్ధఖైదీ ఆయుధం లేనివాడు. శత్రువు అతని కళ్ళముందే ఉన్నా, అది యుద్ధరంగం కాదు. అందువలన నిర్బంధంలో చూపిన ధైర్యానికి విక్టోరియా క్రాస్ వర్తించలేదు. అన్సారీకి, అతనివంటి ఇతర ఖైదీలకు జార్జి క్రాస్ ఇవ్వడానికి కారణం ఇదే.

పతకం స్వరూపం:

* వెండితో చేసిన, నాలుగు సమాన బాహువులు గల శిలువ.
* మధ్యలో గుండ్రని భాగంలో గుర్రంపై ఉన్న సెయింట్ జార్జి సర్పరాక్షసుని వధించే దృశ్యం. దాని చుట్టూ 'శౌర్యానికి' అనే అర్థం వచ్చే ఆంగ్ల పదాలు.
* బాహువుల మధ్య మూలలలో ఆరవ జార్జిని సూచించే రాజచిహ్నం.
* 38 మిల్లీమీటర్ల వెడల్పు గల ముదురు నీలం రంగు పట్టీ.
* వెనుకవైపు గ్రహీత పేరు, పతకం ప్రకటించిన తేదీ.

వెనుకవైపు పేరు, తేదీ మాత్రమే ఉంటాయి. ఎక్కడ, ఎందుకు అన్న వివరాలు ఉండవు. అవి ప్రభుత్వ రాజపత్రంలో వెలువడిన ప్రకటనలో ఉంటాయి. అన్సారీ విషయంలో ఆ ప్రకటన 1946 ఏప్రిల్‌లో లండన్ గెజెట్‌లో వచ్చింది. అతని నిరాకరణ, రెండుసార్లు జైలు నిర్బంధం, తప్పించుకునే ప్రయత్నాలలో పాత్ర, మరణం అందులో క్రమంగా వివరించారు.

యుద్ధఖైదీలైన భారతీయ సైనికుల పతకాలు

అన్సారీకి లభించినటువంటి శౌర్య పతకం చాలా అరుదు. ఖైదీలలో అత్యధికులకు దక్కినవి యుద్ధంలో పాల్గొన్నందుకు అందరికీ ఇచ్చిన సాధారణ పతకాలు మాత్రమే. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

* 1939–45 స్టార్: ఆరు కోణాల నక్షత్రం. సైన్యంలో సాధారణంగా ఆరు నెలల యుద్ధరంగ సేవకు ఇచ్చారు. పట్టీపై ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానమైన చారలు ఉంటాయి. ఇవి వరుసగా నౌకాదళం, సైన్యం, వైమానిక దళాలకు గుర్తులు.
* పసిఫిక్ స్టార్: ఇదే ఆకారం. హాంగ్‌కాంగ్, మలయా, సింగపూర్ యుద్ధాలలో ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. పట్టీ ముదురు ఆకుపచ్చ, మధ్యలో పసుపు చార, అంచులలో ఎరుపు. ఆకుపచ్చ అడవులకు, పసుపు సముద్రతీరాలకు గుర్తు.
* బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్: ఆయా రంగాలలో పోరాడినవారికి.
* వార్ మెడల్ 1939–45: గుండ్రని పతకం. కనీసం 28 రోజుల పూర్తికాల సేవకు. వెనుకవైపు రెండు తలల సర్పరాక్షసునిపై నిలబడిన సింహం ఉంటుంది.
* ఇండియా సర్వీస్ మెడల్: భారతదేశంలో యుద్ధరంగానికి వెలుపల మూడేళ్ళు సేవ చేసిన భారతీయ దళాల వారికి. వెనుకవైపు భారతదేశ పటం ఉంటుంది.

ఖైదీగా గడిపిన కాలానికి బ్రిటిషు ప్రభుత్వం ప్రత్యేక పతకం ఏదీ ఏర్పాటు చేయలేదు. స్వతంత్ర భారతదేశంలో కూడా అటువంటి పతకం లేదు. అమెరికా మాత్రం 1985లో యుద్ధఖైదీల పతకాన్ని ప్రవేశపెట్టింది. కనుక మలయా, సింగపూర్‌లలో రెండు నెలలు పోరాడి మూడున్నరేళ్ళు ఖైదులో ఉన్న సైనికునికీ, యుద్ధం చివరిలో పసిఫిక్ రంగంలో అడుగుపెట్టిన సైనికునికీ ఒకే పసిఫిక్ స్టార్ లభించింది. పతకాన్ని చూసి వారిలో ఖైదీ ఎవరో చెప్పడం సాధ్యం కాదు.

ఒక విషయంలో మాత్రం భారతీయ పతకాలకు ప్రత్యేకత ఉంది. బ్రిటిషు సైనికులకు ఇచ్చిన రెండవ ప్రపంచ యుద్ధ పతకాలపై పేర్లు లేవు. భారత, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా సైనికుల నక్షత్ర పతకాల వెనుక మాత్రం గ్రహీత వివరాలు అద్దారు. ఈ అక్షరాలు ఇప్పటికీ పాత పతకాల వెనుక కనిపిస్తాయి. ఒక భారతీయ సైనికుని చరిత్రను వెదకడానికి చాలా సందర్భాలలో ఇదే మొదటి ఆధారం.

నిర్బంధానికి సంబంధించిన జ్ఞాపికలు

పతకం చెప్పని విషయాన్ని ఇతర వస్తువులు చెబుతాయి. యుద్ధఖైదీల కుటుంబాలలోను, ప్రదర్శనశాలలలోను సాధారణంగా కనిపించే వస్తువులు ఇవి:

* ఖైదీ పంపిన కార్డు: 1929 జెనీవా ఒప్పందం ప్రకారం శిబిరానికి చేరిన వారం రోజులలోగా ఖైదీ తన క్షేమాన్ని తెలుపుతూ కార్డు రాసే వీలు కల్పించాలి. జపాను శిబిరాలలో ఇది సక్రమంగా అమలు కాలేదు. తరువాతి కాలంలో 25 మాటలకు మించకుండా రాయాలని కూడా నియమం పెట్టారు. ఆ కార్డులు ఇళ్ళకు చేరడానికి నెలలు, ఒక్కొక్కసారి ఏడాది పైన పట్టేది.
* ప్రభుత్వం పంపిన తంతి, ఉత్తరాలు: సైనికుడు 'గల్లంతు' అని మొదట, 'యుద్ధఖైదీ' అని తరువాత తెలిపేవి. ఈ రెంటి నడుమ గడిచిన కాలంలో కుటుంబానికి అతడు బ్రతికి ఉన్నాడో లేదో తెలిసేది కాదు.
* శిబిరంలో చేసుకున్న వస్తువులు: రేకు డబ్బాల నుండి చేసిన గిన్నెలు, చెంచాలు, చెక్కతో చేసిన చిన్న పెట్టెలు మొదలైనవి.
* రహస్య దినచర్యలు: అనేక శిబిరాలలో రాతపై నిషేధం ఉండేది. దొరికితే శిక్ష తప్పదు కనుక చిన్న కాగితాలపై రాసి దాచేవారు.
* విడుదల పత్రాలు, జీతం బకాయిల లెక్కలు.

వీటికి లోహపు విలువ లేదు. అందువలన పతకం భద్రంగా ఉన్న ఇళ్ళలో కూడా కార్డులు, కాగితాలు పోయిన సందర్భాలు ఎక్కువ. అయితే సైనికుడు ఖైదీగా ఉన్నాడని నిరూపించేవి ఈ కాగితాలే.

సమాధి, స్మారకాలు

అన్సారీ సమాధి హాంగ్‌కాంగ్‌లోని స్టాన్లీ సైనిక శ్మశానవాటికలో ఉంది. దాని నిర్వహణ కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూస్తున్నది. 2002 నవంబరు 6న రెండవ ఎలిజబెత్ రాణి లండన్‌లో ఆవిష్కరించిన స్మారక ద్వారాల పక్కన ఒక ఛత్రి ఉంది. దాని లోపలి కప్పుపై భారత ఉపఖండానికి, ఆఫ్రికాకు చెందిన విక్టోరియా క్రాస్, జార్జి క్రాస్ గ్రహీతల పేర్లు చెక్కారు. అన్సారీ పేరు వాటిలో ఉంది.

సమాధి లేని సైనికుల కోసం సింగపూర్‌లోని క్రాంజీ వద్ద నిర్మించిన స్మారకంపై 24 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. వీటిలో భారతీయుల పేర్లు పెద్ద సంఖ్యలో ఉన్నాయి.

ఇతర యుద్ధఖైదీలు

అన్సారీ ఉదంతానికి దగ్గర పోలిక గల వ్యక్తి కెప్టెన్ మహమూద్ ఖాన్ దుర్రానీ. ఇతడు బహావల్పూర్ సంస్థాన సేనకు చెందినవాడు. మలయాలో ఖైదీ అయ్యాడు. జపాను వారితో సహకరిస్తున్నట్లు నటించి వారి గూఢచర్య పథకాన్ని వమ్ము చేశాడు. తీవ్రమైన హింసలకు గురి అయినా బ్రతికి బయటపడ్డాడు. జార్జి క్రాస్ పొంది, తన అనుభవాలను 1955లో పుస్తకంగా ప్రకటించాడు. మరణించిన అన్సారీ తరఫున అటువంటి ఆత్మకథ లేదు. అతని కథ ముఖ్యంగా ఇతరుల సాక్ష్యాల ద్వారా తెలిసినదే.

స్వతంత్ర భారత చరిత్రలో తెలుగువారికి బాగా తెలిసిన యుద్ధఖైదీ కంభంపాటి నచికేత. భారత వైమానిక దళంలో ఫ్లైట్ లెఫ్టినెంటుగా ఉన్న ఇతడు 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో మిగ్-27 విమానం ఇంజను ఆగిపోవడంతో పారాచూట్ ద్వారా దిగి పాకిస్తాను సైన్యానికి చిక్కాడు. జూన్ 3న అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి అప్పగించబడి వాఘా మీదుగా స్వదేశానికి వచ్చాడు. ఇతడికి వాయుసేన పతకం లభించింది. 1929 నాటి ఒప్పందం స్థానంలో 1949లో వచ్చిన మూడవ జెనీవా ఒప్పందం నేటి యుద్ధఖైదీలకు రక్షణ కల్పిస్తున్నది.

తెలుగు ప్రాంతాలలో ఆ యుద్ధపు ఆనవాళ్ళు

అన్సారీ హాంగ్‌కాంగ్ శిబిరంలో ఉన్న కాలంలోనే యుద్ధం తెలుగు తీరాన్ని తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. 1933లో ప్రారంభమైన విశాఖ నౌకాశ్రయం వారి లక్ష్యాలలో ఒకటి. ఆ రోజులలో భయంతో అనేకులు పట్టణం విడిచి వెళ్ళారు. నాడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ప్రదర్శనలో ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం సమీపంలోని మాధవరం గ్రామం నుండి రెండు ప్రపంచ యుద్ధాలలోను పెద్ద సంఖ్యలో సైనికులు పాల్గొన్నారు. అందువలన దీనికి మిలిటరీ మాధవరం అనే పేరు వచ్చింది.

ఇళ్ళలో ఆ కాలపు పతకాలు ఉన్నవారు, వెనుక ఉన్న సంఖ్య, పేరు, దళం వివరాలను ముందుగా నకలు రాసి ఉంచుకోవడం మంచిది. పదేపదే తోమి మెరుగు పెడితే అక్షరాలు అరిగిపోతాయి. సేవా వివరాల కోసం ఆయా రెజిమెంటు రికార్డు కార్యాలయాలను సంప్రదించవచ్చు. మద్రాసు సాపర్ల వారసత్వం గల మద్రాసు ఇంజనీర్ గ్రూపు కేంద్రం బెంగళూరులోను, మద్రాసు రెజిమెంటు కేంద్రం వెల్లింగ్టన్‌లోను ఉన్నాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఇందుకు దారి చూపగలవు. మరణించిన సైనికుల పేర్లను వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెదకవచ్చు.

అంచనా

అన్సారీకి పతకం ప్రకటించిన కాలం గమనించదగినది. 1945 నవంబరులో ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులైన షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లపై విచారణ మొదలయింది. దేశమంతటా వారికి మద్దతు వెల్లువెత్తింది. 1946 జనవరిలో వారి యావజ్జీవ ద్వీపాంతర శిక్ష రద్దయినా, సైన్యం నుండి తొలగింపు, జీతం బకాయిల జప్తు అలాగే నిలిచాయి. మరి మూడు నెలలకే అన్సారీకి సామ్రాజ్యపు అత్యున్నత గౌరవం దక్కింది. ఆజాద్ హింద్ ఫౌజు సైనికులను స్వతంత్ర భారతదేశం తరువాతి కాలంలో స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించి పింఛను ఇచ్చింది.

ఈ కారణంగా అన్సారీని కేవలం బ్రిటిషు విధేయుడుగా చూసేవారు ఉండవచ్చు. అయితే అతని చర్యలను పరిశీలిస్తే విధేయత ఒక్కటే కనిపించదు. జపాను అధికారులు కోరినది తోటి ఖైదీలను తన మాటతో ప్రభావితం చేయమని. తన వంశగౌరవాన్ని శిబిరంలోని సిపాయిలపై ఒత్తిడిగా వాడనీయకుండా అతడు అడ్డుపడ్డాడు. వారు తప్పించుకోవడానికి సాయం చేశాడు. ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారి త్యాగమూ, చేరక మరణించినవారి త్యాగమూ ఒకే శిబిరాలలో, ఒకే ఆకలి మధ్య జరిగినవి. భారతీయ యుద్ధఖైదీల చరిత్రలో ఈ రెండింటికీ చోటు ఉంది.

ఇవి కూడా చూడండి

* రెండవ ప్రపంచ యుద్ధం
* హాంగ్‌కాంగ్ యుద్ధం
* ఆజాద్ హింద్ ఫౌజు
* జెనీవా ఒప్పందాలు
* కంభంపాటి నచికేత
* మిలిటరీ మాధవరం
* విశాఖ మ్యూజియం